పెన్ డ్రైవ్ ప్యాకెట్ మీద రాయని లెక్క

పెన్ డ్రైవ్ కొనేటప్పుడు మనం చూసేది ఒకే ఒక్క అంకె. 16 జీబీ, 64 జీబీ, 256 జీబీ... ప్యాకెట్ మీద పెద్దక్షరాల్లో ఉండేది అదే, షాపువాడు చెప్పేదీ అదే, మనం బేరమాడేదీ దాని మీదే. ఆ అంకె పెరిగిన తీరు చూస్తే మతిపోతుంది. 2000 డిసెంబరులో ఐబీఎం పేరుతో అమెరికాలో అమ్మకానికొచ్చిన పెన్ డ్రైవ్‌లో పట్టేది 8 ఎంబీ. 2017 జనవరిలో కింగ్‌స్టన్ ప్రకటించిన డ్రైవ్‌లో పట్టేది 2 టీబీ. పదహారేళ్లలో రెండున్నర లక్షల రెట్లు! ఎకరం పొలం ఉన్న రైతుకి పదహారేళ్లు తిరిగేసరికి రెండున్నర లక్షల ఎకరాలు అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అది 2007లో ఏర్పడిన గ్రేటర్ హైదరాబాద్ కార్పొరేషన్ మొత్తం విస్తీర్ణం కన్నా ఎక్కువ.

కంపెనీల ప్రకటనలు మాత్రమే చదివితే ఇదంతా ఒట్టి విజయయాత్రలా కనిపిస్తుంది. కాస్త లోపలికి వెళ్లి చూస్తే మాత్రం ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒకటి అమ్ముకుని ఆ చోటు కొనుక్కున్నారని అర్థమవుతుంది. ఏం అమ్ముకున్నారన్నది ప్యాకెట్ మీద రాయరు. పెళ్లి ఫోటోలూ, పిల్లల వీడియోలూ, పాస్ బుక్కుల స్కాన్లూ అన్నీ ఒక పెన్ డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టుకునే అలవాటు మనవాళ్లకి బాగా ఉంది కాబట్టి ఆ రాయని లెక్క ఒకసారి చూద్దాం.

ముందు ఫ్లాపీ సంగతి. నా వయసువాళ్లు దాన్ని నిజంగా వాడినదానికంటే సేవ్ బటన్ మీద బొమ్మగా చూసిందే ఎక్కువ :) మూడున్నర అంగుళాల ఫ్లాపీ మీద 1.44 ఎంబీ అని ఉంటుంది కదా, ఆ అంకే పెద్ద తిరకాసు. అందులో ఉన్నవి 14,74,560 బైట్లు. వెయ్యి చొప్పున లెక్కేసినా 1.44 రాదు, 1024 చొప్పున లెక్కేసినా రాదు. బైట్లని ముందు 1024తో భాగించి, వచ్చిన 1440ని వెయ్యితో భాగించి ఎంబీ అని పిలిచారు. స్టోరేజీ వ్యాపారంలో అంకెల గారడీ పెన్ డ్రైవ్‌తో మొదలవలేదన్నమాట.

అందులో ఎంత పడుతుందో మన భాషలో లెక్కేద్దాం. యూనికోడ్‌లో, అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో, ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు కావాలి. 'తెలుగు' అన్న మాటలో మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. మొత్తం 18 బైట్లు. ఫైల్ సిస్టమ్ తీసుకునే చోటు వదిలేస్తే ఒక ఫ్లాపీలో 'తెలుగు' అని సరిగ్గా 81,920 సార్లు రాయొచ్చు. రాత వరకూ అది తక్కువేమీ కాదు. ఇబ్బందల్లా బొమ్మలూ పాటలూ వచ్చాకే. ఒక్క ఎంపీ3 పాట పట్టేది కాదు. 1990ల మధ్యలో ఐయోమెగా వాళ్ల 100 ఎంబీ జిప్ డ్రైవ్ వచ్చింది గానీ, దానికి వేరే డ్రైవ్ కొనాలి, అవతలివాళ్ల దగ్గరా అదే ఉండాలి. సీడీ అయితే రాయడానికి బర్నర్ కావాలి. జేబులో వేసుకెళ్లి ఏ కంప్యూటర్‌కైనా గుచ్చేది ఇంకా రాలేదు.

అది రావడానికి కావలసిన ముఖ్యమైన సరుకు జపాన్‌లో అప్పటికే తయారై ఉంది. దాని కథ కొంచెం వివరంగా చెప్పాలి.

1967లో బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు 'ఫ్లోటింగ్ గేట్' అనే ఆలోచన ప్రచురించారు. ట్రాన్సిస్టర్ లోపల చుట్టూ ఇన్సులేషన్ ఉన్న చిన్న అర ఒకటి పెట్టి, అందులోకి ఎలక్ట్రాన్లని తోసేస్తే, కరెంటు తీసేసినా అవి అక్కడే చిక్కుకుని ఉంటాయి. ఎలక్ట్రాన్లు ఉంటే 0, లేకపోతే 1. నేటి పెన్ డ్రైవ్ కూడా మూలంలో ఇదే సూత్రం మీద నడుస్తోంది. (మధ్యాహ్నం భోజనంలో తిన్న పొరల కేకు చూసి ఈ ఆలోచన వచ్చిందని జీ గారు తర్వాత చెప్పుకున్నారు. ఇలాంటి కథలన్నీ చివర్లో తిండి దగ్గరికే ఎందుకు వస్తాయో!)

1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ దీన్ని ఈప్రామ్ చిప్‌గా చేశాడు. 256 బైట్లు. చెరపాలంటే చిప్ నెత్తిన ఉన్న గాజు కిటికీ మీద అతినీలలోహిత కాంతి కాసేపు పడాలి. తర్వాత కరెంటుతోనే చెరిపే ఈఈప్రామ్ వచ్చింది. ఏ బైటు కావాలంటే ఆ బైటు చెరపొచ్చు. చాలా సౌకర్యం. కానీ ఆ సౌకర్యం కోసం ఒక్కో బిట్‌కి రెండు ట్రాన్సిస్టర్లు పట్టేవి, అందుకే ఖరీదూ ఎక్కువ, పట్టేదీ తక్కువ.

అప్పుడు వచ్చాడు ఫుజియో మసువోకా. తోషిబాలో ఇంజినీరు. 1980 ప్రాంతంలో ఆయనకొచ్చిన ఆలోచన వినడానికి వెనకడుగులా ఉంటుంది. ఒక్కో బైటుని విడిగా చెరిపే సౌకర్యం వదిలేద్దాం, చెరిపితే గంపగుత్తగా ఒకేసారి చెరిపేద్దాం అన్నాడు. అలా చేస్తే బిట్‌కి ఒక్క ట్రాన్సిస్టర్ చాలు. ఒక్క దెబ్బతో అంతా చెరిగిపోవడం చూసి కెమెరా ఫ్లాష్‌లా ఉందని ఆయన సహోద్యోగి షోజి అరిఇజుమి అన్నాడట. పేరు అదే ఖాయమైంది. 1984లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన ఐఈడీఎం సదస్సులో ఈ పని బయటపెట్టారు.

మూడేళ్ల తర్వాత, 1987లో, అదే సదస్సుకి మసువోకా బృందం నాండ్ ఫ్లాష్‌ని తీసుకొచ్చింది. మొదటిరకంలో ప్రతి సెల్‌కీ తీగ కలపడానికి కాస్త చోటు కావాలి. నాండ్‌లో కొన్ని సెల్స్‌ని పూసల దండలా వరసగా గుచ్చి, దండ మొత్తానికి కలిపి తీగ ఇచ్చారు. చోటు బోలెడు మిగిలింది. బదులుగా ఏ సెల్‌ని పడితే ఆ సెల్‌ని నేరుగా చదివే వీలు పోయింది. చదివితే పేజీ పేజీగా చదవాలి, చెరిపితే బ్లాకు మొత్తం చెరపాలి.

చూశారా, రెండుసార్లూ జరిగింది ఒకటే. ఒక సౌకర్యం వదులుకుని చోటు సంపాదించడం. పెద్దపెద్ద ఆవిష్కరణలంటే కొత్తగా ఏదో కలపడమే అనుకుంటాం గానీ, మసువోకా గొప్పతనమంతా ఏది లేకపోయినా నడుస్తుందో కనిపెట్టడంలో ఉంది. సాఫ్ట్‌వేర్‌లో కూడా ఈ గుణం ఉన్నవాళ్లు అరుదు. ఫీచర్ పీకేద్దాం అన్నవాడిని మీటింగులో ఎలా చూస్తారో మీకు తెలియనిది కాదు.

ఆయనకి దక్కిందేమిటంటారా? 1994లో తోషిబా వదిలేసి తొహోకు యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరాడు. ఫ్లాష్ కనిపెట్టినందుకు తనకు రావలసింది రాలేదని 2004లో తోషిబా మీద 100 కోట్ల యెన్‌లకి దావా వేశాడు. 2006లో 8 కోట్ల 70 లక్షల యెన్‌లకి రాజీ కుదిరింది. ఆ పాటికి ప్రపంచంలో ప్రతి కెమెరాలోనూ, ప్రతి ఫోన్‌లోనూ ఆయన బుర్రలో పుట్టిన సరుకే ఉంది. నా మటుకు నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. ఉద్యోగిగా ఉండి కనిపెట్టినదంతా కంపెనీదే కదా అనే వాదన ఉందనుకోండి, మనం చేరేటప్పుడు సంతకం పెట్టే కాగితాల్లోనూ అదే ఉంటుంది.

అమెరికాలో 1988లో ఈలీ హరారీ, జాక్ యువాన్, సంజయ్ మెహరోత్రా కలిసి సన్‌డిస్క్ అనే కంపెనీ పెట్టారు. తర్వాత పేరులో ఒక అక్షరం మార్చుకుని శాన్‌డిస్క్ అయింది. 1991లో వీళ్లు ఐబీఎంకి ఇచ్చిన 20 ఎంబీ ఫ్లాష్ డ్రైవ్ ఖరీదు దాదాపు వెయ్యి డాలర్లు. ఎంబీకి 50 డాలర్లు! ఈ మెహరోత్రా కాన్పూర్‌లో పుట్టినాయనే. 2017లో మైక్రాన్ కంపెనీకి సీఈఓ అయ్యాడు, ఆ మైక్రాన్ 2019లో హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు తెరిచింది. మన పక్క ఫ్లాట్‌లో ఉండే కుర్రాడెవరో ఈ చిప్‌ల కోసమే కోడ్ రాస్తూ ఉండొచ్చు.

ఇక పెన్ డ్రైవ్‌ని ఎవరు కనిపెట్టారు అంటే కనీసం నలుగురు చెయ్యెత్తుతారు. యూఎస్‌బీ 1996లో వచ్చింది (ఇంటెల్‌లో దాని మీద పనిచేసిన అజయ్ భట్ బరోడాలో చదువుకున్నవాడు). ఒకే సాకెట్ ప్రపంచమంతా ఉంటే, ఫ్లాష్ చిప్‌కి ఆ సాకెట్ తగిలిద్దామన్న ఆలోచన ఒకేసారి నాలుగుచోట్ల రావడంలో వింత లేదు. ఇజ్రాయెల్‌లో ఎం-సిస్టమ్స్ కంపెనీ వాళ్లు 1999 ఏప్రిల్‌లో అమెరికాలో పేటెంటుకి దరఖాస్తు పెట్టారు. ఆ కంపెనీ అధిపతి డోవ్ మొరాన్. ప్రసంగం ఇవ్వాల్సిన సమయానికి తన లాప్‌టాప్ మొరాయించిందనీ, స్లయిడ్లు జేబులో ఉంటే ఎంత బాగుండేదో అనుకున్నాననీ చెబుతాడాయన. సింగపూర్‌లో ట్రెక్ కంపెనీ 2000 మొదట్లో జర్మనీలోని సీబిట్ ప్రదర్శనలో థంబ్ డ్రైవ్ పేరుతో చూపించింది. చైనాలో నెటాక్ కూడా 1999లోనే పేటెంటుకి పెట్టి, 2006లో అమెరికాలో పీఎన్‌వై అనే కంపెనీని కోర్టుకి లాగింది. ట్రెక్ వాళ్ల బ్రిటన్ పేటెంటు 2008లో రద్దయింది. నాలుగోవాడు మలేషియాలో పుట్టి తైవాన్‌లో ఫైసన్ కంపెనీ పెట్టిన పువా ఖైన్ సెంగ్. 2001లో యూఎస్‌బీ కంట్రోలర్‌ని ఒకే చిప్‌లోకి కుదించిన ఘనత వాళ్లది. అయిదుగురు కలిసి పెట్టారు కాబట్టి 'ఫైవ్ పర్సన్' కాస్తా 'ఫైసన్' అయిందట.

ఈ గొడవలో ఎవరు ముందన్నది లాయర్లు చూసుకుంటారు. నాకు ఆసక్తిగా ఉండేది ఎం-సిస్టమ్స్‌లోనే పనిచేసిన అమీర్ బాన్ అనే ప్రోగ్రామర్ సంగతి. ఫ్లాష్‌లో బ్లాకు మొత్తం చెరపకుండా ఒక్క బైటు మార్చలేం అని చెప్పుకున్నాం కదా. విండోస్‌కి అదేం తెలీదు, దానికి తెలిసింది హార్డ్ డిస్కు ఒక్కటే. 'ఫలానా నంబరు సెక్టార్‌లో ఇది రాయి' అంటుంది. మధ్యలో ఉండే కంట్రోలర్ 'సరే రాశాను' అని చెప్పి, నిజానికి ఎక్కడో ఖాళీగా ఉన్న ఇంకో చోట రాసి, ఏది ఎక్కడుందో తన చిట్టాలో పెట్టుకుంటుంది. ఒకే చోట పదే పదే రాస్తే అక్కడ అరిగిపోతుంది కాబట్టి రాతలని అన్ని బ్లాకులకీ సమంగా పంచుతుంది. ఈ తర్జుమా పద్ధతికి అమీర్ బాన్‌కి 1995లో పేటెంటు వచ్చింది. ఆయనే రాసిన జూనియర్ అనే చెస్ ప్రోగ్రామ్ 2003లో న్యూయార్క్‌లో కాస్పరోవ్‌తో ఆరు ఆటలాడి 3-3తో సమం చేసింది. ఒక మనిషి రెండు జన్మలకి సరిపడా పని చేశాడు!

ఈ కంట్రోలర్ మాట గుర్తు పెట్టుకోండి. లోపల నిజంగా ఏముందో కంప్యూటర్‌కి ఎప్పటికీ తెలియదు. కంట్రోలర్ చెప్పిందే వేదం. చివర్లో దీనితో పని ఉంది.

2000లో 8 ఎంబీతో మొదలయ్యాక బండి పరుగందుకుంది. 2002లో సామ్‌సంగ్ మెమరీ విభాగం అధిపతి హ్వాంగ్ చాంగ్-గ్యూ, చిప్‌లో పట్టేది ఏటా రెట్టింపవుతుందని ప్రకటించాడు. మూర్ సూత్రమే ఎక్కువనుకుంటే ఇది దాని మీద ఇంకో మెట్టు. చెప్పి ఊరుకోలేదు, చేసి చూపించారు కూడా. 1999లో 256 మెగాబిట్ల చిప్, 2001లో ఒక గిగాబిట్, 2003లో 4, 2005లో 16, 2007లో 64 గిగాబిట్లు. 2008లో 128 రావాలి, రాలేదు. హ్వాంగ్ సూత్రం అక్కడితో ఆగింది.

ఆ సంవత్సరాల్లో ఈ రేసుకి డబ్బు పోసింది పెన్ డ్రైవ్‌లు మాత్రమే కాదు. 2005 సెప్టెంబరులో ఆపిల్ ఐపాడ్ నానో తెచ్చింది. నవంబరులో అయిదు కంపెనీలకి కలిపి 125 కోట్ల డాలర్లు ఫ్లాష్ చిప్‌ల కోసం ముందుగానే కట్టేసింది. కెమెరాలు, ఫోన్లు, పాటల పెట్టెలు కలిసి ఫ్యాక్టరీలని నడిపించాయి, ఆ వరదలో పెన్ డ్రైవ్ ధర కొట్టుకుపోయింది. 2006లో ఎం-సిస్టమ్స్‌ని శాన్‌డిస్క్ 150 కోట్ల డాలర్లకు పైగా పెట్టి కొనేసింది. మన దగ్గర ఆటోల్లో, కార్లలో, ట్రాక్టర్లలో క్యాసెట్ పోయి యూఎస్‌బీ సాకెట్ వచ్చింది. సెల్ షాపుల్లో 'ఘంటసాల హిట్స్', 'చిరంజీవి మాస్ సాంగ్స్' అని ఫోల్డర్లు పెట్టుకుని డబ్బులు తీసుకుని ఎక్కించేవాళ్లు. వందల క్యాసెట్ల పాటలు తాళం చెవుల గుత్తికి వేలాడేవి.

సరే, ఇంతింత చోటు ఎలా వచ్చింది? సగం జవాబు అందరికీ తెలిసిందే, ట్రాన్సిస్టర్‌ని చిన్నది చేస్తూ పోయారు. రెండో సగమే మన రాయని లెక్క.

నీళ్ల బిందె అనుకోండి. ఖాళీ అంటే 1, నిండు అంటే 0. బిందెకి ఒక బిట్. ఎవరు చూసినా తేడా తెలుస్తుంది. ఇప్పుడు అదే బిందెలో ఖాళీ, మూడో వంతు, మూడింట రెండు వంతులు, నిండు అని నాలుగు గీతలు పెట్టుకుంటే ఒక్క బిందెలో రెండు బిట్లు దాచొచ్చు. బిందెలు పెంచకుండానే సరుకు రెట్టింపు. దీన్ని ఎంఎల్‌సీ అన్నారు. శాన్‌డిస్క్, తోషిబా కలిసి 2001లో నాండ్‌లో ఇలాంటి చిప్ తెచ్చాయి. తర్వాత ఎనిమిది గీతలు, మూడు బిట్లు, టీఎల్‌సీ. 2018 నాటికి పదహారు గీతలు, నాలుగు బిట్లు, క్యూఎల్‌సీ. గమనించండి, ఒక్కో బిట్ పెరిగినప్పుడు గీతలు రెట్టింపవుతున్నాయి, లాభం మాత్రం తగ్గుతూ వస్తోంది. ఒకటి నుంచి రెండుకి వెళ్తే చోటు 100 శాతం పెరిగింది. మూడు నుంచి నాలుగుకి వెళ్తే 33 శాతమే. గీతల మధ్య ఎడం మాత్రం మళ్లీ సగానికి పడిపోయింది.

ఇక్కడే అసలు బేరం జరిగింది. ఎలక్ట్రాన్లని ఆ అరలోకి తోసిన ప్రతిసారీ, లాగిన ప్రతిసారీ చుట్టూ ఉన్న ఇన్సులేషన్ పొర కొంచెం దెబ్బతింటుంది. బిందెకి సన్నటి బెజ్జాలు పడ్డట్టు. రెండే గీతలున్నప్పుడు కాస్త కారినా పట్టింపు లేదు. పదహారు గీతలుంటే చుక్క కారినా లెక్క తప్పుతుంది. అందుకే ఒక బిట్ సెల్‌ని దాదాపు లక్షసార్లు చెరిపి రాయొచ్చని చెప్పేవాళ్లు. రెండు బిట్లకి అది మొదట్లో పదివేలు, సెల్ చిన్నదయ్యే కొద్దీ మూడువేలు. మూడు బిట్ల వాటికి వెయ్యి అటూ ఇటూ. లక్ష నుంచి వెయ్యికి! 8 ఎంబీ రెండున్నర లక్షల రెట్లు పెరగడం అందరూ రాశారు, ఇది వందో వంతుకి పడిపోవడం మాత్రం డేటాషీట్లు చదివేవాళ్లకే తెలుసు. కారినదాన్ని కనిపెట్టి దిద్దడానికి కంట్రోలర్‌లో గణితం కూడా పెరుగుతూ వచ్చింది. ఒకప్పుడు ఒక్క తప్పు బిట్‌ని సరిదిద్దితే చాలనుకున్న చోట, తర్వాత ఒక్కో కిలోబైటులో పదుల కొద్దీ తప్పులని దిద్దాల్సి వచ్చింది. మీ ఫోటో సరిగ్గా తెరుచుకుంటోందంటే లోపల అంతా బాగుందని కాదు, దిద్దేవాడు ఇంకా ఓడిపోలేదని అర్థం.

చాలామంది 'నేను పెన్ డ్రైవ్‌లో వెయ్యిసార్లు రాస్తానా ఏమిటి' అంటారు. న్యాయమైన ప్రశ్నే. కానీ రాయకుండా బీరువాలో పెట్టినా కారడం ఆగదు. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ మామూలు కంప్యూటర్లలో వాడే ఎస్‌ఎస్‌డీలకి పెట్టిన షరతు ఏమిటంటే, రాతల కోటా అంతా అయిపోయి అరిగాక, కరెంటు లేకుండా, 30 డిగ్రీల దగ్గర, ఒక సంవత్సరం పాటు సమాచారం నిలవాలి. ఒక్క సంవత్సరం. అదీ పరీక్షలకి నిలబడే ఎస్‌ఎస్‌డీల సంగతి. కొత్త డ్రైవ్ అయితే ఇంతకంటే చాలా ఎక్కువకాలమే నిలుస్తుంది, భయపడక్కర్లేదు. కాకపోతే వేడి పెరిగితే కారడమూ పెరుగుతుంది. మే నెలలో రెంటచింతలలో ఎండలో నిలబెట్టిన కారు డాష్‌బోర్డులో పడున్న పెన్ డ్రైవ్‌కి ఈ 30 డిగ్రీల మాట ఎవరైనా చెప్తే నవ్వుతుంది.

2010 తర్వాత చిన్నది చేయడం కూడా ఆగిపోయే దశకొచ్చింది. 15, 16 నానోమీటర్ల దగ్గరికొచ్చేసరికి ఒక్కో అరలో పట్టే ఎలక్ట్రాన్లు వేళ్ల మీద కాకపోయినా తీరిగ్గా కూర్చుంటే లెక్కపెట్టగలిగేంత తక్కువైపోయాయి. అప్పుడు హైదరాబాద్ బిల్డర్లకి తట్టిన ఉపాయమే వీళ్లకీ తట్టింది. స్థలం పెరగనప్పుడు అంతస్తులు లేపడం. తోషిబా 2007లోనే ఇలాంటి డిజైన్ ప్రకటించింది గానీ, 2013 ఆగస్టులో 24 పొరల చిప్‌ని ముందుగా ఫ్యాక్టరీ నుంచి బయటికి తెచ్చింది సామ్‌సంగ్. 2022 నాటికి మైక్రాన్ 232 పొరలకి వెళ్లింది, 2024లో ఎస్‌కే హైనిక్స్ 321 దగ్గరికి చేరింది. కోకాపేట టవర్లు వీటి ముందు పెంకుటిళ్లు.

పొరలు రావడం వల్ల ఒక మంచి జరిగింది. సెల్‌ని మరీ చిన్నగా చేయాల్సిన అవసరం తప్పింది కాబట్టి బిందె సైజు మళ్లీ పెరిగింది, మన్నిక కొంత తిరిగొచ్చింది. వచ్చిన మన్నికని దాచుకున్నారా అంటే, లేదు. దాన్ని చూపించి ధైర్యంగా మూడు బిట్లూ, నాలుగు బిట్లూ పెట్టేశారు. మిగులు కనిపిస్తే చాలు ఖర్చుపెట్టేసే ఇల్లు ఇది. కొనేవాళ్లు అడిగేది జీబీకి ఎంత అనే ఒక్క ప్రశ్నే అయినప్పుడు తయారుచేసేవాళ్లు ఇంకోలా ఎందుకు చేస్తారు?

కంపెనీలని తిట్టడంలో ఒకచోట మాత్రం మనవాళ్లది పొరపాటు. 64 జీబీ అని కొంటే కంప్యూటర్‌లో 59.6 చూపిస్తుంది, నాలుగు జీబీ మింగేశాడని గోల పెడతారు. కంపెనీ లెక్క వెయ్యి చొప్పున, విండోస్ లెక్క 1024 చొప్పున, అంతే తేడా. చిప్‌లో సాధారణంగా పూర్తి 64 రెళ్ల లెక్కలోనే ఉంటుంది. మనకి చూపించని ఆ ఏడు శాతం పాడైపోయిన బ్లాకుల బదులు వాడటానికి కంట్రోలర్ దగ్గర ఉంటుంది. ఆ కాస్తా లేకపోతే డ్రైవ్ ముందే చేతులెత్తేస్తుంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల నిర్వాకం కూడా ఒకటి చెప్పాలి. డ్రైవ్‌లో 16 జీబీ ఖాళీ ఉన్నా 4.5 జీబీ సినిమా ఎక్కక చాలామంది జుట్టు పీక్కున్నారు. కారణం ఫ్యాట్32లో ఫైలు సైజు రాసుకునే గడి 32 బిట్లదే, 4 జీబీ దాటితే అంకె పట్టదు. ఇక విండోస్‌లో 32 జీబీ దాటిన డ్రైవ్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేయనివ్వని పరిమితి ఉంది కదా, దాన్ని మైక్రోసాఫ్ట్‌లో పనిచేసిన డేవ్ ప్లమర్ 1990లలో ఒకరోజు ఉదయం కూర్చుని తోచిన అంకె వేసి పెట్టానని స్వయంగా చెప్పాడు. తాత్కాలికంగా పెట్టిన డైలాగ్ బాక్సట అది. 2024లో మైక్రోసాఫ్ట్ పరీక్షా వెర్షన్లలో కమాండ్ లైన్ నుంచి దాన్ని 2 టీబీకి పెంచింది. 'తర్వాత మారుద్దాంలే' అని మనం కోడ్‌లో రాసే ప్రతి అంకెకీ ఈ గతి పట్టొచ్చు.

2013లో 1 టీబీ, 2017లో 2 టీబీ వచ్చాక పెన్ డ్రైవ్ సైజుల పందెంలో ఊపు తగ్గింది. పెద్ద సైజులు కావలసినవాళ్లు పోర్టబుల్ ఎస్‌ఎస్‌డీల వైపు వెళ్లారు, మిగతావాళ్లు ఫోన్‌లోంచి ఫోన్‌కి పంపుకుంటున్నారు. ఇంకో కారణం కూడా ఉందని నా అనుమానం, నింపడానికి పట్టే టైము. 8 ఎంబీ డ్రైవ్‌ని యూఎస్‌బీ 1.1 మీద సెకనుకి ఒక ఎంబీ చొప్పున రాసినా 8 సెకన్లలో నిండేది. చవకరకం 256 జీబీ డ్రైవ్‌లో సెకనుకి 10 ఎంబీ చొప్పున రాస్తే ఏడు గంటలు. అదే వేగంతో 2 టీబీ నింపాలంటే రెండు పగళ్లు, రెండు రాత్రులు దాటుతుంది. ఫాస్ట్ డ్రైవ్‌లు లేవని కాదు, కానీ జనం కొనేది జీబీ చూసి.

ఎవరూ పూర్తిగా నింపరు కాబట్టే నకిలీల వ్యాపారం నడుస్తోంది. కంట్రోలర్ చెప్పిందే వేదం అన్నాను కదా. 32 జీబీ చిప్ పెట్టి, కంట్రోలర్ ఫర్మ్‌వేర్‌లో 512 అని రాసేస్తే విండోస్ 512 అనే చూపిస్తుంది. 32 నిండేదాకా అంతా సవ్యం. ఆ తర్వాత రాసినవి పాతవాటి మీద పడతాయి, లేదా గాల్లోకి పోతాయి. ఫైళ్ల పేర్లన్నీ కనిపిస్తాయి, తెరిస్తే ఏమీ ఉండదు. దీన్ని పట్టుకోవడానికి జర్మనీ పత్రిక సీటీ వాళ్ల హెచ్2టెస్ట్‌డబ్ల్యూ ఉంది, లైనక్స్‌లో ఎఫ్3 ఉంది. రెండూ చేసేది ఒకటే, డ్రైవ్‌ని చివరిదాకా నింపి, తిరిగి చదివి, పోల్చి చూడటం. అంతకంటే దగ్గరి దారి నమ్మదగ్గది లేదు.

మా పిన్నివాళ్ల అబ్బాయి తన పెళ్లి వీడియోల కోసమని 512 జీబీది ఒకటి చవకగా దొరికిందని తెచ్చాడు. అందులో వేసేముందు ఒకసారి ఇటివ్వరా అని తీసుకుని ఎఫ్3 పెట్టాను. రాత్రి పెట్టింది మర్నాడు సాయంత్రానికి తేలింది. నిజంగా ఉన్నది 29 జీబీ చిల్లర. వాడు షాపుకి వెళ్తే 'కంప్యూటర్‌లో 512 చూపిస్తోంది కదా సార్' అన్నారట. వీడియోలు రెండు హార్డ్ డిస్కుల్లోకి ఎక్కించాం, ఒకటి వాళ్లింట్లో, ఒకటి పెళ్లికూతురు వాళ్లింట్లో. ఆ పెన్ డ్రైవ్‌ని 29 జీబీకి పార్టిషన్ చేసి కార్లో పాటలకి ఇచ్చేశాను. పాటలు బాగానే వస్తున్నాయి.